అంతరాత్మ సాక్ష్యము



"నా మనస్సుకు తప్పని తోచలేదు" అని మనము తఱచుగా అందుము. ఆ మాట విలువ ఎంతయో చూచుటకు మనమెఱిగిన శకుంతల కథనే తీసికొనుచున్నాను. దానిని ఇద్దఱు మహాకవులు రెండు విధములుగా చెప్పిరి.

నన్నయగారి ఆదిపర్వమున దుష్యంతునకు అంతయు జ్ఞాపకమే. కణ్వాశ్రమములో జరిగిన గాంధర్వ వివాహము లోకమునకు తెలియదు. అపవాదమునకు వెఱచి, కొడుకుతో వచ్చిన భార్యను నిండుసభలో ఎఱుగననెను. అప్పుడామె, మనుష్యుని నడతకు సాక్షులను పేర్కొనుచు సూర్యచంద్రుల సరసన అంతరాత్మనుగూడ చేర్చెను. గట్టు తగవులో నిజమెఱిగియు నోరు మెదపనివాడు ఈ దుష్యంతుని వంటివాడే. వానికి లోపించినది తెలివి కాదు, ధైర్యము.

కాళిదాసు దుష్యంతుడు వేఱు. తొలిచూపులో తన మనస్సు ఆమెవైపు మొగ్గుటనే, ఆమె తనకు తగిన కన్య యనుటకు ఆధారముగా తీసికొనెను. ఆ ఊహ నిజమైనది. అదే రాజు అయిదవ అంకమున, దూర్వాసుని శాపముచే ఆమెను మఱచి, పరస్త్రీయేమో యను భయముతో నిరాకరించెను. ఇచ్చట అబద్ధము లేదు. అంతరాత్మ ధర్మమునే పలికినది. ఐనను గర్భవతికి అన్యాయము జరిగినది! నాకు ఈ రెండవవాడే ఎక్కువ భయము గొల్పును. మొదటివానిని నిలదీయవచ్చును. నిశ్చింతగా తప్పు చేయువానిని కదలించుట ఎట్లు?

ఆ సభలో పురోహితుడొక ఉపాయము చెప్పెను. ప్రసవమువఱకు ఆమె తన యింట నుండవచ్చును. బిడ్డకు చక్రవర్తి లక్షణములున్నచో అంతఃపురమునకు కొనిపోవచ్చును. ఉంగరము చేపకడుపున దొరకునని ఆయన ఎఱుగడు. ఎఱుగడు గనుకనే తీర్పును కొన్ని నెలలు ఆపుమనెను. రాజు సమ్మతించెను. కాని అప్పటికే అనరాని మాటలు అనుట అయినది. ఆమె ఆ యిల్లు చేరకముందే ఒక జ్యోతి వచ్చి ఆమెను కొనిపోయినది.