నొప్పికి విద్యుచ్చికిత్స: నేతవారు తెలిసికొనవలసిన సంగతులు



మగ్గపుగుంటలో కూర్చుండి, దినమంతయు నడుము వంచి, చేతితో నాడె నాడించుచు, కాళ్లతో తొక్కుచు బ్రతుకు గడుపు కులము మనది. మెడనొప్పి, నడుమునొప్పి, మోకాళ్లనొప్పి మన యిండ్లకు కొత్తచుట్టములు కావు. మగ్గము నిలిచినచో పొయ్యియు నిలుచును. కావున నొప్పి బాపుదుమని యెవ్వరేమి చెప్పినను మనవారు నమ్ముదురు. విద్యుత్తుతో నొప్పి మాన్పునను చిన్నపెట్టె లీనాడు అంగళ్లలో విరివిగా అమ్ముడుపోవుచున్నవి. ఈ చికిత్స గుణమెంతయో, హద్దెచ్చటనో సభవారికి విన్నవింపబూనితిమి.

ఇది నిన్న మొన్నటి విద్య కాదు. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున రోమక వైద్యుడు స్క్రిబోనియస్ లార్గస్, విద్యుత్తు పుట్టించు టార్పిడో చేపను తలనొప్పికిని, పాదముల వాతమునకును వాడవలసినదని వ్రాసెను. 1791లో ఇటలీ దేశస్థుడు గాల్వానీ, చచ్చిన కప్పకాలు సయితము విద్యుత్తుచే కదలునని ప్రకటించెను. ఫ్రెంచివైద్యుడు డ్యూషెన్ చర్మముపైనుండియే కండరములను వేరువేరుగా కదలించు పద్ధతిని గూర్చి 1855లో గ్రంథము వెలువరించెను.

నొప్పి యేల తగ్గునో చెప్పుటకు 1965లో మెల్జాక్, వాల్ అను పండితులు ద్వారసిద్ధాంతమును ప్రతిపాదించిరి. వెన్నుపాములో ద్వారము వంటి దొకటి కలదనియు, స్పర్శను కొనిపోవు లావునరములు మేల్కొన్నచో సన్ననరములు తెచ్చు నొప్పివార్తకు ఆ ద్వారము కొంత మూసికొనుననియు దాని సారము. దెబ్బ తగిలినచోట రుద్దుకొనగా నుపశమించుట మన మెరుగుదుము. టెన్స్ అను యంత్రము చర్మముపై నంటించిన పట్టీల ద్వారా అట్టి పనినే చేయబూనును.

ఫలమెంత? 381 పరీక్షలను సమీక్షించి 2022లో ప్రకటించిన వ్యాసమున, యంత్రము నడచునపుడును, ఆపిన వెంటనేయు నొప్పి తగ్గుచున్నదని తేలినది. అయినను నడుమునొప్పికి దీని నీయవలదని 2016లో బ్రిటనులోని నైస్ సంస్థ వైద్యులకు సూచించెను. ఇది నొప్పిని జోకొట్టును గాని, నొప్పి పుట్టించిన కారణమును తీయజాలదు.

కండరములను కదలించు చికిత్స వేరు. పక్షవాతముచే పాదము వ్రేలాడువారికై 1961లో లిబర్సన్ అను వైద్యుడును, అతని సహచరులును ఒక సాధనము నిర్మించిరి. మడమ పైకి లేవగనే విద్యుత్తు మోకాలి ప్రక్కనున్న నరమును తాకి పాదము నెత్తును. ఇట్టి చికిత్సను 2009లో నైస్ సంస్థ యంగీకరించెను. ఇందును సాధన లేనిదే సిద్ధి లేదు.

గుండెలో పేస్‌మేకరు గలవారు వైద్యు నడుగక దీనిని ముట్టరాదు. గర్భిణుల కడుపుపైనను, గొంతుపైనను, పుండ్లపైనను, క్యాన్సరు గడ్డలపైనను, మధుమేహముచే స్పర్శ నశించిన చర్మముపైనను పట్టీల నంటింపరాదు. మూర్ఛరోగులును వైద్యుని యనుమతి పొందవలయును.

పోషకమహాశయులారా! యంత్రదానముకంటె విద్యాదానము మిన్న. పెట్టె నెవ్వరైన కొనగలరు; ఏ నొప్పికి ఏ వ్యాయామమో, ఎప్పుడు విద్యుత్తో, ఎప్పుడది వలదో యెరిగిన నిపుణుడే మనకు కొరత. ఫిజియోథెరపీ చదువు మన బాలబాలికలకు సంఘనిధినుండి వేతనములిప్పింపుడు. నేతయూళ్ల సంఘమందిరములలో నెలకు కొన్ని దినములైనను అట్టి నిపుణుని కూర్చుండబెట్టుడు. కూర్చుండు పలక యెత్తును సరిచేయుట, వీపునకు ఆనుడు కల్పించుట, గంటగంటకు లేచి నడుచుట మనచేతిలోని పనులే.

పడుగు తెగినచో ముడివేసి మరల నేయుట మనవారి కెవ్వరును నేర్పనక్కరలేదు. నేతగాని దేహమునందును అంత శ్రద్ధ వహింపుడని ప్రార్థించుచు విరమించుచున్నాము.