పల్నాటి పత్తి, పరాయి పరుపు



విదేశీ పెట్టుబడి అనగానే మనకు ఢిల్లీ, ముంబై స్ఫురిస్తాయి. మాచర్లలో పరుపులు కుట్టే నూర్‌బాషా సోదరుని దుకాణం స్ఫురించదు. కానీ ఆ పెట్టుబడి పత్తి విత్తనం రూపంలో ఏనాడో మన చేలలోకి వచ్చింది. 2002లో బీటీ పత్తికి అనుమతి లభించింది. అమెరికా సంస్థ మోన్‌శాంటో, మహికోతో కలిసి నెలకొల్పిన కంపెనీ దానిపై రాయల్టీ వసూలు చేసింది. 450 గ్రాముల ప్యాకెట్టు ధర సుమారు 1850 రూపాయలైతే అందులో 1250 రాయల్టీయే! 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య నిరోధక కమిషన్‌కు ఫిర్యాదు చేసి, ధరను 750కి దింపించింది. విత్తనం ఆగిపోలేదు. పెట్టుబడిని అదుపు చేస్తే పరిశ్రమే తరలిపోతుందని బెదిరించేవారు ఈ సంగతి ఎత్తరు.

ఇక పరుపు. 2018లో వాల్‌మార్ట్ 1600 కోట్ల డాలర్లతో ఫ్లిప్‌కార్ట్‌లో 77 శాతం వాటా కొన్నది. ఆ ఏడే ఆన్‌లైన్ పరుపుల సంస్థ వేక్‌ఫిట్‌లోకి సెకోయా పెట్టుబడి వచ్చింది. ఫోము అంతకుముందే ఉన్నది, నిజమే. దూదేకే యంత్రం కూడా విల్లును అటకెక్కించింది. అయితే ఆ యంత్రాన్ని అప్పుచేసైనా మనవాడే కొన్నాడు, పని మన వాకిట్లోనే నిలిచింది. నేటి పోటీ వేరు. ఏళ్ల తరబడి నష్టాన్ని భరించగల మూలధనంతో, ఒక్క పెళ్లిళ్ల కాలం బేరాలు తప్పితే అప్పులపాలయ్యే కుటుంబం తలపడుతున్నది.

చట్టం మాటేమిటి? 2012 నిబంధనల ప్రకారం, పలు బ్రాండ్ల చిల్లర దుకాణాలు పెట్టే విదేశీ సంస్థ తాను కొనే తయారీ సరుకులో 30 శాతం చిన్న పరిశ్రమల నుండి కొనాలి. ఆన్‌లైన్ వేదిక తాను అమ్మకందారునే కానంటుంది గనుక ఆ షరతు దానికి వర్తించదు. దూదేకులు బీసీ-బి జాబితాలో ఉన్నారు. ఆ రిజర్వేషన్ చదువుకు, ఉద్యోగానికి అక్కరకు వస్తుంది. అంగడిలో బేరానికి రాదు.

కనుక మేము కోరేది ఇది: ప్రభుత్వ వసతిగృహాలకు, గురుకులాలకు కొనే పరుపులలో నిర్ణీత భాగాన్ని నూర్‌బాషా సహకార సంఘాల నుండి కొనాలి. టెండరులో కోట్ల టర్నోవరు అడిగితే ఆ భాగం కాగితంపైనే మిగులుతుంది. అందుచేత ఆ షరతును సంఘాలకు సడలించాలి. యంత్రాలకు కార్పొరేషన్ రుణమివ్వాలి.

ఈ విజ్ఞాపనపై సంతకాలు సేకరించి నరసరావుపేట కలెక్టరేటులో సమర్పించదలిచాము. గురజాల, పిడుగురాళ్ల, మాచర్ల ప్రతినిధులు వెళ్లేముందు ప్రతులు తీసుకోవలసిందిగా మనవి.