నేర్చుకోవాలని వచ్చినవాడు

సకల స్తోత్రాలు సర్వలోక ప్రభువైన అల్లాహ్‌కే చెల్లుతాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స)పై, వారి కుటుంబీకులపై, సహచరులందరిపై శాంతి శుభాలు కురియుగాక!

అల్లాహ్ పట్ల భయభక్తులు కలిగి ఉండవలసిందిగా ముందు నాకు, ఆ తరువాత మీకు హితవు చెప్పుకుంటున్నాను.

దివ్య ఖుర్ఆన్‌లోని 80వ సూరా ‘అబస’ అవతరణ నేపథ్యం మీకు తెలిసినదే. దైవప్రవక్త (స) ఖురైషు నాయకులకు ధర్మసందేశం వినిపిస్తున్న వేళ, అంధుడైన హజ్రత్ అబ్దుల్లాహ్ ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) ఏదో నేర్చుకోవాలని వచ్చారు. ప్రవక్త (స) ఉద్దేశం ఉత్తమమైనదే. ఆ నాయకులు విశ్వసిస్తే ఎందరో విశ్వసిస్తారన్నది వారి ఆశ. అయినా తపనతో వచ్చినవానిని పక్కనపెట్టి, పట్టించుకోని వారి వెంట పడనవసరం లేదని అల్లాహ్ హెచ్చరించాడు. ఆ హెచ్చరిక ప్రళయదినం వరకు పఠింపబడే గ్రంథంలో నిలిచిపోయింది.

సోదరులారా! ఈ సూరాను మన వీధుల్లో నిలబడి చదువుకుందాం. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లకు పేరుపొందిన ప్రాంతం. అక్కడి నుండి ఎల్బీనగర్ వరకు ఎటు చూసినా ర్యాంకులు సాధించిన పిల్లల చిత్రాలే. ర్యాంకు తప్పు కాదు, కష్టపడిన బిడ్డను మెచ్చుకోవలసిందే. అయితే అక్షరాలు తారుమారుగా కనిపించే బిడ్డ, వినికిడి లేని బిడ్డ, చక్రాల కుర్చీలో ఉన్న బిడ్డ, ఆటిజం ఉన్న బిడ్డ హైస్కూలు గడపకు వచ్చినప్పుడు ఏమవుతున్నది? “మా దగ్గర వీలు కాదు, వేరే బడి చూసుకోండి” అన్న మాట ఎందరు తల్లిదండ్రులు వినలేదు? ఫలితాల శాతం తగ్గుతుందన్న భయంతో నేర్చుకోవాలని వచ్చినవానిని పంపివేయడం ‘అబస’ సూరా వారించిన పనికాక మరేమిటి?

దేశ చట్టం కూడా దీనిని అనుమతించదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 7గా ఉన్న వైకల్యాల సంఖ్యను 21కి పెంచింది. 40 శాతం, అంతకు మించి వైకల్యం గల బిడ్డకు 6 నుండి 18 ఏళ్ల వరకు ఇంటి దగ్గరి బడిలో గాని, తాను కోరిన ప్రత్యేక పాఠశాలలో గాని ఉచితంగా చదివే హక్కు ఉన్నది. ప్రభుత్వ గుర్తింపు పొందిన విద్యాసంస్థలు వివక్ష లేకుండా చేర్చుకోవాలి, భవనాన్ని అందుబాటులో ఉంచాలి, చదవడంలో ఇబ్బందులను వీలైనంత త్వరగా గుర్తించాలి. పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు, రెండవ, మూడవ భాషల నుండి మినహాయింపు వంటివి ఈ చట్టం చూపిన సౌకర్యాలే. ఇవి దయాభిక్ష కావు, హక్కులు.

2021 అక్టోబరులో సుప్రీంకోర్టు మరొక మాట స్పష్టం చేసింది. ఇటువంటి పిల్లలకు ప్రాథమిక తరగతుల్లో 10 మందికి ఒకరు, ఆ పై తరగతుల్లో 15 మందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులు ఉండాలన్నది ఆ తీర్పు. మన బిడ్డలు చదివే హైస్కూలులో అటువంటి ఉపాధ్యాయుడు ఒక్కరైనా ఉన్నారా? అడిగి తెలుసుకోండి. మన మెట్రో స్టేషన్లలో లిఫ్టు ఉన్నది. అది దిగి బడికి చేరిన బిడ్డకు మూడవ అంతస్తులోని తరగతి గది అందనిదైతే, ఆ ప్రయాణానికి అర్థమేమిటి?

ఇక మన సంగతి చూసుకుందాం. బడి వారిని ప్రశ్నించే ముందు మన ఇంటి తలుపు తెరవాలి. బిడ్డ వైకల్యాన్ని పాపఫలమని భావించి, బంధువుల కంట పడకుండా దాచే కుటుంబాలు మనలోనూ ఉన్నాయి. సంతానం అల్లాహ్ అప్పగించిన అమానతు. అందులో కొందరిని చదివించి, మరొకరిని గదిలో ఉంచడం న్యాయమా? మీలోని బలహీనుల మూలంగానే మీకు సహాయమూ, ఉపాధీ లభిస్తున్నాయని ప్రవక్త (స) బోధించారు. ఆ బిడ్డ మన ఇంటికి భారం కాదు. బహుశా మన అన్నం ముద్ద ఆ బిడ్డ పుణ్యమే.

కనుక మూడు పనులు చేద్దాం. మొదటిది, అర్హులైన పిల్లలకు వైకల్య ధ్రువపత్రం, యూడీఐడీ కార్డు ఇప్పిద్దాం. కాగితాలు నింపలేని తల్లుల కోసం మన యువకులు ముందుకు రావాలి. దివ్యాంగుల సంక్షేమ శాఖ కార్యాలయం పక్కనే మలక్‌పేటలో ఉన్నది. రెండవది, సమగ్ర శిక్ష కింద నడిచే భవిత కేంద్రాల గురించి ప్రభుత్వ బడిలో విచారించి ఆ కుటుంబాలకు చెబుదాం. మూడవది, మన మస్జిదు మెట్లను, మన మక్తబును పరిశీలిద్దాం. చక్రాల కుర్చీ లోనికి రాగలదా? ఆలస్యంగా నేర్చుకునే బిడ్డకు ఖాయిదా ఓర్పుతో చెప్పేవారున్నారా? మనం చేయనిదానిని ఇతరులను ఏ ముఖంతో అడుగుతాము?

ఆ అంధ సహాబీ తరువాతి జీవితాన్ని గమనించండి. ప్రవక్త (స) ఆయనను ఎంతో ఆదరించారు, మదీనాలో ముఅజ్జిన్‌గా నియమించారు. తాము ప్రయాణమై వెళ్లినప్పుడు పలుమార్లు మదీనా బాధ్యతను ఆయనకే అప్పగించారు. చూపు లేదని ఒక మూల కూర్చోబెట్టలేదు, జాలి చూపి వదిలివేయలేదు. నేర్పారు, నమ్మారు, బాధ్యత ఇచ్చారు. ఉత్తమ పాఠశాల చేయవలసిన పని ఈ మూడు మాటల్లోనే ఉన్నది.

ఓ అల్లాహ్! నేర్చుకోవాలని వచ్చినవాని నుండి ముఖం తిప్పుకునేవారిలో మమ్మల్ని చేర్చకు. మా బిడ్డలందరికీ ప్రయోజనకరమైన జ్ఞానాన్ని ప్రసాదించు. వారిని మోసే తల్లిదండ్రులకు సహనాన్ని, వారికి బోధించే గురువులకు శుభాన్ని అనుగ్రహించు. ఆమీన్.