చేతిలోని తెర, ఇంట్లోని తెలుగు



హోసూరు, బళ్ళారి, బరంపురం, షోలాపూరు... ఈ ఊళ్ళలో తరతరాలుగా ఉంటున్న మనకు ఒకప్పుడు తెలుగు వినోదమంటే సినిమా హాలు, రేడియో, తిరునాళ్ళలో వీధినాటకం. 1995లో ఈటీవీ, జెమినీ మొదలయ్యాక, కేబులతను ఆ ఛానెళ్ళు వేస్తే ఇంట్లోనే తెలుగు వినబడేది. యూట్యూబు 2005లోనే పుట్టినా, మన పల్లెల చేతికి బాగా అందింది 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకైన తర్వాతనే. ఇవాళ పొలం గట్టున కూర్చున్న మనిషి జేబులో కూడా ఒక సినిమా హాలుంది. దాన్ని మన ఇంటి తెలుగు కోసం ఎలా వాడుకోవచ్చో ఈ కాసేపు ముచ్చటించుకుందాం.

మన ఇళ్ళలో ఒక చిక్కుంది. పిల్లలు తెలుగు మాట్లాడతారు, కానీ చదవలేరు. బడిలో నేర్చింది తమిళమో, కన్నడమో, ఒడియానో. తమిళనాడులోనైతే 2006 నాటి చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరి అయ్యాక, తెలుగు అక్షరం చాలా ఇళ్ళకు దూరమైంది. అక్షరం రానివాళ్ళకు పుస్తకం తలుపు మూసుకుంటుంది. కానీ వీడియోకు అక్షరంతో పనిలేదు, చెవి ఉంటే చాలు. అందుకే ఈ ఫోను ఇతరులకన్నా మనకు ఎక్కువ అవసరమైన వస్తువు.

మరి అక్షరాలు రాకుండా కావలసినదాన్ని వెతకడమెట్లా? ఫోను కీబోర్డు అమరికల్లో తెలుగు భాషను చేర్చండి. తర్వాత కీబోర్డు మీది మైకు గుర్తు నొక్కి తెలుగులో మాట్లాడితే, అక్షరాలు వాటంతట అవే పడతాయి. మన యాస దానికి ఒక్కోసారి అర్థం కాదు. అప్పుడు నిదానంగా, పేరు ఒక్కటే పలకండి.

వెతకడంలో ఇంకో కిటుకుంది. మీరు ఏది ఎక్కువ చూస్తే అటువంటిదే ఫోను మళ్ళీ మళ్ళీ తెచ్చిపెడుతుంది. ఇంట్లో అందరూ ఒకే ఫోనులో వేరే భాషల పాటలే చూస్తుంటే, తెలుగు దానంతట అది కనబడదు. వారం రోజులు పనిగట్టుకుని తెలుగు వీడియోలు వెతికి, చివరిదాకా చూడండి. నచ్చనివి ఎదురైతే పక్కనున్న మూడు చుక్కలు నొక్కి, ఆసక్తి లేదని చెప్పండి. పెరట్లో మొక్కకు నీళ్ళు పోసినట్టే ఇదీ. దేనికి పోస్తే అది పెరుగుతుంది.

ఏం వెతకాలి అంటారా? సినిమాలు సరే. తంజావూరు దగ్గర మెలట్టూరు అనే ఊరుంది. అక్కడ ఏటా నరసింహ జయంతికి భాగవతమేళం ఆడతారు. మెలట్టూరు వేంకటరామశాస్త్రి రాసిన ప్రహ్లాద చరిత్రము వంటి తెలుగు నాటకాలవి. తమిళదేశం నడుమ, రాత్రంతా తెలుగు పాట, తెలుగు మాట. వెళ్ళి చూడలేనివాళ్ళు ఫోనులో చూడవచ్చు. మన పూర్వులు ఎక్కడెక్కడ తెలుగును నిలబెట్టారో పిల్లలకు కళ్ళారా చూపించవచ్చు.

ఇక పంచుకోవడం. వాట్సాప్‌లో వీడియో పంపితే అది కుదించుకుపోయి బొమ్మ మసకబారుతుంది. పెళ్ళి వీడియోలాంటిది చెడకుండా వెళ్ళాలంటే డాక్యుమెంటుగా పంపండి. వచ్చిన ప్రతిదాన్నీ ముందుకు తోయకండి. వదంతులు పాకకూడదనే 2018 నుంచి మనదేశంలో ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపకుండా వాట్సాప్ కట్టడి పెట్టింది. వీడియో పైన రెండు బాణాల గుర్తుంటే, అది ఇప్పటికే ఎన్నో చేతులు మారి వచ్చిందని అర్థం. అటువంటిదాన్ని నమ్మే ముందు ఒక్క నిముషం ఆగండి.

చివరిది, అన్నిటికన్నా ముఖ్యమైనది, మనం కూడా పాలుపంచుకోవడం. ఇన్నాళ్ళూ మనం చూసేవాళ్ళమే. ఇప్పుడు చూపించేవాళ్ళం కూడా కావచ్చు. మీ అవ్వ విసిరేటప్పుడు పాడే పాట, గొబ్బిపాట, తాత చెప్పే పొడుపుకథ ఏ సినిమాలోనూ ఉండవు. ఆ నోటితోనే పోతాయవి. ఫోనును అడ్డంగా పట్టుకుని, కిటికీ వెలుతురు ముఖం మీద పడేట్టు కూర్చోబెట్టి, పక్కన టీవీ ఆపేసి రికార్డు చేయండి. పాటకు ముందు ఊరు, పేరు, ఏ సందర్భంలో పాడేదో ఆమె చేతనే చెప్పించండి. ఊరందరికీ చూపడం ఆమెకు ఇష్టం లేకపోతే, యూట్యూబులో లింకు ఉన్నవాళ్ళే చూసేట్టు పెట్టే వీలుంది. బంధువులకు మాత్రం ఆ లింకు పంపండి. ముందు ఆమెను అడిగి అనుమతి తీసుకోవడం మరవకండి.

అందరికీ కనబడేట్టు పెడితే ఒకటి జరుగుతుంది. ఎవరో ఒకరు వచ్చి, ఇదేం తెలుగు అని రాస్తారు. మన పిల్లలు అది చూసి సిగ్గుపడతారు, తమ తెలుగు తప్పనుకుంటారు. ఇక్కడే పెద్దవాళ్ళు అండగా నిలవాలి. కోపం వద్దు. ఇది మా ఊరి తెలుగు, మా అవ్వ మాట అని ఒక్క వాక్యం జవాబు పెట్టండి. ఆ మాటకు మీ ఊరి తమిళంలోనో కన్నడంలోనో ఉన్న చుట్టరికం కూడా చెప్పండి. వెక్కిరించినవాడికే అది కొత్త సంగతి కావచ్చు.

రోజుకు అరగంట చాలు. చూడండి, పంచుకోండి. కానీ ఈ ఆదివారం ఒక్క పది నిముషాలు ఫోనును అవ్వ వైపు తిప్పండి. అవ్వ పాటను వెతుకులాటలో పట్టుకోలేం. మనం ఎక్కిస్తేనే అది అక్కడ ఉంటుంది.