కలప స్తంభముల పెంకుటిల్లు: కట్టుటకు ముందు చేయవలసిన నిర్ణయములు

(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున ఒక ప్రచారాధికారి చేసిన ప్రసంగ పాఠము)



నేను ఇంజనీరును కాను. వడ్రంగము తెలిసినవాడను అంతకంటె కాను. ప్రచార శాఖలో ఉద్యోగము చేయుచు ఊరూర తిరుగువాడను. అయినను కొయ్య ఇంటిని గూర్చి మీ ఎదుట మాటలాడుటకు నాకొక అర్హత కలదు. అది మా ఇంట జరిగిన పొరపాటు.

1996 నవంబరు 6వ తేదీ రాత్రి కోనసీమపై తుపాను విరుచుకొనిపడినప్పుడు నేను ఇంటర్మీడియట్ చదువుచుంటిని. మా తాతగారు కట్టించిన మండువా ఇల్లు ఒకటి, దానిని ఆనుకొని మా నాన్నగారు వేయించిన కొత్త వసారా ఒకటి. తెల్లవారి చూచునప్పటికి పాత ఇంటి పెంకులు సగము లేచిపోయినవి గాని ఒక్క స్తంభమైనను కదలలేదు. కొత్త వసారా కప్పు మాత్రము దూలములతో, వాసములతో సహా కొబ్బరితోటలో బోర్లపడి ఉన్నది. మా నాయనమ్మ ప్రతి రాత్రియు ఆ వసారాలోనే మంచము వేసికొనెడిది. ఆనాడు గాలి హోరు విని మా అమ్మ ఆమెను పట్టుబట్టి లోపలి గదిలోనికి తీసికొనిపోయినందున ఆమె మాకు దక్కినది.

పది దినముల తరువాత మా ఊరి వృద్ధ వడ్రంగి వచ్చి, పడిన దూలమును దొర్లించి చూచి, రెండు సంగతులు చూపించినాడు. ఒకటి, ఆ దూలము పచ్చి కలపతో చేసినది. ఎండి కుంచించుకొనిపోయి అతుకులలో వ్రేలు దూరునంత సందు ఏర్పడినది. రెండవది, దూలమును స్తంభముపై కూర్చుండబెట్టిరే గాని, రెంటిని కలిపి బిగించిన ఇనుప పట్టీ ఒక్కటియు లేదు. కప్పు బరువే కప్పును పట్టియుంచునని తలచినారు. ఈ రెండు తప్పులును ఇల్లు కట్టునప్పుడు కావు, కట్టుటకు ముందు చేసిన నిర్ణయములలోనివి. అందుచేతనే నేడు ఆ నిర్ణయములను గూర్చియే చెప్పదలచితిని.

స్తంభముల ఇంటిలో బరువంతయు స్తంభములు, దూలములు మోయును. గోడలు తెరల వంటివి. మట్టిగోడయైనను, ఇటుక గోడయైనను, వెదురు తడకయైనను కప్పు నిలుచును. కనుక కిటికీ ఎచ్చట కావలసిన అచ్చట పెట్టుకొనవచ్చును. అయితే హాలు విశాలముగా లేదని నడుమ స్తంభము తీసివేయుటకు మాత్రము వీలులేదు. ఈ సంగతి ఇంటివారికి మొదటనే తెలిసియుండవలెను. ఏలయనగా పది సంవత్సరములకు కొడుకు పెండ్లి వచ్చినప్పుడు మొదట కన్ను పడునది ఆ స్తంభము మీదనే.

ఇక కలప. టేకు మేలైనదని అందరు ఎరిగినదే. నల్లమద్ది బలమైనది, బరువైనది. తొందరపడి ఎండబెట్టినచో చీలును. తుమ్మ గట్టిదే గాని వంకర లేని నిడుపు దూలము దానిలో దొరకుట కష్టము. సరుగుడు పందిళ్ళకు, పరంజీలకు పనికివచ్చును. స్థిరమైన ఇంటి స్తంభమునకు దానిని వాడరాదు. కోస్తా జిల్లాలలో బీదవాని టేకు తాటిచెట్టు. దాని వెలుపలి నల్లని చెక్క ఇనుమువంటిది, లోపలి దవ్వ దూదివంటిది. ముదిరిన చెట్టు మొదటి భాగమును కొని, దవ్వ తీసివేసి వాడవలెను. చివరి భాగము చౌకగా వచ్చినదని దూలమునకు వాడినవారు పశ్చాత్తాపపడుదురు.

ఏ చెట్టు అనుదానికంటె చెట్టులో ఏ భాగము అనునది ముఖ్యము. నడుమనున్న చేవయే పురుగును, చెదలను తట్టుకొనును. చేవకు వెలుపల ఉండు తెల్లని చెక్క టేకులోనైనను పురుగు పాలే. అడితిలో కలప కొనునప్పుడు కోసిన కొసను తడిపి చూడుడు. చేవకును, తెల్లచెక్కకును గల హద్దు స్పష్టముగా తెలియును. నాలుగు అంచులును తెల్లగా ఉన్న దూలము టేకు పేరున అమ్మినను టేకు ధర చేయదు.

తన పొలములోని చెట్టే గదా అని నరుకుటకు ముందు అనుమతి సంగతి చూచుకొనవలెను. 2002వ సంవత్సరపు నీరు, భూమి, చెట్ల చట్టము ఒకటి ఉన్నది. 1970 నాటి అటవీ ఉత్పత్తుల రవాణా నియమములు వేరుగా ఉన్నవి. చెట్టు కొట్టి, బండికెత్తి, దారిలో ఆపినప్పుడు మీ యొద్దకు పరుగెత్తి వచ్చువారే ఎక్కువ. ఇంటి ప్లాను అనుమతికి పంచాయతీకి దరఖాస్తు పెట్టిన దినముననే ఈ మాట వారి చెవిన వేయుడు.

పాత ఇళ్ళు పడగొట్టినప్పుడు వచ్చు కలపను కొనుట మంచి పద్ధతి. కోస్తాలోని పాత లోగిళ్ళలో రంగూను టేకు నేటికిని కనబడును. అది ఎండవలసినంత ఎండియే ఉండును. అయితే సుత్తితో తట్టి చూడవలెను. బోలుగా మ్రోగినచో లోపల తినివేయబడినదని అర్థము. గోడలో దాగియుండిన కొసలను బరమాతో పొడిచి చూడవలెను. పాత బెజ్జములు పడిన చోట దూలమునకు బలము తగ్గును. ఆ భాగము నడుమకు రాకుండునట్లు కోయించుకొనవలెను.

కొత్త కలపయైనచో ఎండబెట్టుట తప్పదు. పచ్చి కొయ్యలో నీరు చాల ఉండును. ఎండుకొలది అది నిడివిలో దాదాపు తగ్గదు గాని, అడ్డముగా తగ్గును. అతుకులు వదులగుట ఇందువలననే. నీడలో, గాలి ఆడునట్లు, వరుసకు వరుసకు నడుమ బద్దలు వేసి పేర్చవలెను. కొసలకు రంగు గాని మైనము గాని పూసినచో పగుళ్ళు తగ్గును. పలుచని పలకలు కొన్ని నెలలలో ఎండును; మందపు దూలములకు ఒక సంవత్సరమైనను చాలకపోవచ్చును. కనుక ఇల్లు కట్టదలచినవాడు ముందు కలప కొని, తరువాత ముహూర్తము పెట్టించుకొనవలెను. మన ఊళ్ళలో దీనికి తలక్రిందుగా జరుగుచున్నది. మా నాన్నగారును అట్లే చేసినారు. వైశాఖ మాసములో చెట్టు నరికించి శ్రావణములో గృహప్రవేశము చేసినారు.

స్తంభపు పాదము చెదలకు సింహద్వారము. స్తంభమును నేలలో పాతరాదు, సిమెంటులోనైనను పాతరాదు. చుట్టును సన్నని పగులు ఏర్పడి నీరు దానిలో నిలుచును. ఇరువది పాళ్ళకు మించి చెమ్మ ఉన్న కొయ్యకు కుళ్ళు పట్టును. నేలకు పైన ఎత్తైన రాతి పీఠముపై స్తంభమును నిలుపుట మన పెద్దల పద్ధతి. రాయి చెదలను ఆపలేదు. కాని చెదపురుగు రాతి మీదుగా ప్రాకవలెనన్నచో మట్టి గొట్టము కట్టుకొనవలెను. అది మీ కంటబడును. చీపురుతో తుడిచివేయవచ్చును. పాతిన స్తంభములో అది ఎప్పుడు వచ్చినదో, ఎంత తిన్నదో ఎవరికిని తెలియదు. బోరాక్సు, బోరిక్ ఆమ్లము కలిపిన ద్రావణము లోపలి కలపకు మేలు చేయును. వాన తగులు చోట కడుగుకొనిపోవును. మడ్డి నూనె పూత వలన మెరుపు వచ్చును గాని అది కొయ్య లోపలికి దిగదు.

దూలపు కొలతలలో ఒక చిన్న లెక్క చెప్పెదను. పలక మీద వ్రాసి చూచుకొనుడు. 3 అంగుళముల మందము, 6 అంగుళముల వెడల్పు గల దూలమును బల్లవలె పడుకొనబెట్టిన దానికంటె అంచుపై నిలిపినచో రెండింతల బరువు మోయును, వంగుట నాలుగవ వంతునకు తగ్గును. కలప అదే, ఖర్చు అదే. ఇట్లే స్తంభముల నడుమ దూరము రెండింతలు చేసినచో అడుగునకు అంతే బరువు మోయుచున్న అదే దూలము పదునారింతలు వంగును. పెద్ద హాలు కోరువాడు ఈ లెక్కను తన వడ్రంగితో గాక ఇంజనీరుతో వేయించుకొనవలెను. వడ్రంగిని తక్కువ చేయుట నా ఉద్దేశము కాదు. అలవాటైన కొలతలో అతనిని మించినవారు లేరు, అలవాటు లేని కొలతయే ప్రమాదము.

ఇప్పుడు గాలి. మంగుళూరు పెంకును మనవారు బెంగుళూరు పెంకందురు. అది ఒక్కొక్కటి సుమారు 2, 2½ కిలోలు తూగును. చదరపు మీటరునకు సుమారు 15 పెంకులు పట్టును. అనగా 30 మొదలు 40 కిలోల బరువు. కోస్తా జిల్లాలలో ఇళ్ళకు లెక్కించు గాలి వేగము సెకనుకు 50 మీటర్లు, గంటకు 180 కిలోమీటర్లు. అంతటి గాలి చదరపు మీటరుపై చేయు వత్తిడి సుమారు 150 కిలోలు. అందు సగము మాత్రమే కప్పును పైకెత్తినదనుకొన్నను, పెంకుల బరువునకు అది రెండింతలు. మా వసారా లేచిపోవుటలో వింత ఏమియు లేదు.

కనుక పునాది మొదలు పెంకు వరకు గొలుసువలె బిగింపు ఉండవలెను. పునాదిలో దిగిన బోల్టు స్తంభమును, స్తంభమునకు చుట్టిన ఇనుప పట్టీ దూలమును, దూలము వాసమును పట్టవలెను. గొలుసులో ఒక్క కొక్కెము లేకున్నను తక్కినవన్నియు దండుగ. కొయ్య చీలలతో వేసిన అతుకు ప్రక్కకు లాగినప్పుడు నిలుచును గాని, పైకి ఎత్తినప్పుడు దానినొక్కదానిని నమ్మరాదు. చూరు దగ్గర, వెన్నుగాడి దగ్గర పెంకులను తీగెతో కట్టవలెను. గాలి మొదట పట్టునది అచ్చటనే. నాలుగు వైపుల వాలిన కప్పు రెండు వైపుల వాలిన కప్పుకంటె గాలికి మేలు. ఉత్తరాంధ్ర తీరములోని చుట్టిళ్ళు గుండ్రముగా ఉండుటలో ఈ తెలివియే ఉన్నది. వసారా కప్పును పెద్దకప్పుతో కలిపి ఒకే వాలుగా దింపక, వేరుగా వేయుడు. పోయినచో అది ఒక్కటే పోవును.

మరియొకటి. కోళ్ళు వదులైన మంచమును ప్రక్కకు నెట్టి చూడుడు, ఊగును. ఒక మూలనుండి మరియొక మూలకు ఏటవాలుగా కర్ర బిగించినచో ఊగదు. స్తంభముల చట్రమును అట్టిదే. మూలలలో ఏటవాలు కొయ్యలు చూపునకు బాగుండవని తీయించువారున్నారు. గోడలో దాచుకొనవచ్చును గాని మానరాదు.

గోడ, గచ్చు, సున్నముల సంగతి మీకు నేను చెప్పవలసినది లేదు. విద్యుత్తు తీగెలను మాత్రము కొయ్యకు నేరుగా మేకులతో కొట్టక గొట్టములలో నడిపించుడు.

కొయ్య ఇల్లు అందరికి తగినది కాదని కూడ చెప్పవలెను. ఏటేట వానకాలమునకు ముందు నిచ్చెన వేసికొని కప్పు ఎక్కి, పగిలిన పెంకు మార్చి, బోల్టులు బిగించు ఓపిక లేని ఇంటికి కాంక్రీటే మేలు. ప్రభుత్వ గృహ సహాయము పొందువారు ఆ పథకపు నమూనాకు ఇది ఒదుగునో లేదో ముందుగానే గృహనిర్మాణ శాఖ ఇంజనీరును అడిగి తెలిసికొనవలెను.

చివరగా కొలత. 4 అంగుళములు, 6 అంగుళములు, 12 అడుగుల నిడివి గల కొయ్య 2 ఘనపుటడుగులు. దుంగను మాత్రము చుట్టుకొలతలో నాలుగవ వంతును దానిచేతనే హెచ్చించి, నిడివితో మరల హెచ్చించి లెక్కింతురు. చుట్టుకొలత 4 అడుగులు, నిడివి 10 అడుగులయినచో 10 ఘనపుటడుగులు వచ్చును. నిజముగా దుంగలో 12½కు పైగా ఉండును. కోతలో పోవు పొట్టుకు, అంచు చెక్కలకు ఆ తేడా సర్దుబాటు. బేరము దుంగ కొలతపైనా, కోసిన కొయ్య కొలతపైనా అనునది కాగితముపై వ్రాయించుకొనుడు. ఈ తగవులు పంచాయతీకి ఎన్ని వచ్చునో మీకు తెలియనిది కాదు.

మీలో ఎవరి ఊరిలోనైన ప్రస్తుతము స్తంభములు నిలుపుచున్నచో ఆ కొలతలు తెచ్చియుండిన నాకు చూపుడు. ఇంజనీరు గారు ఇచ్చటనే ఉన్నారు. భోజనములకు లేచుటకు ముందే కలసి చూతము.