పెద్దకర్మ తర్వాత



స్మారకోపన్యాసాల్లో మొదటి పావుగంట పోయిన మనిషి గుణగణాలకు పోతుంది. ఇవాళ మనం తలుచుకుంటున్న మాస్టారికి పొగడ్తలు గిట్టేవి కావు కనుక ఆ పావుగంట మిగిలింది. ఆయన పిల్లలు నన్ను మాట్లాడమన్న విషయం ఇది: మనిషి పోయాక ఇంట్లో మిగిలినవాళ్ళు దేన్ని పట్టుకుని నిలబడతారు?

పరామర్శకు వెళ్ళి మనం ఏమంటాం? ‘ఊరుకో.’ ‘మన చేతుల్లో ఏముంది.’ ‘రుణం తీరిపోయింది.’ ‘నువ్వే ఇలా అయిపోతే పిల్లల్ని ఎవరు చూస్తారు.’ ‘మర్చిపోవాలమ్మా, తప్పదు.’ ప్రేమతోనే అంటాం. కానీ అన్నీ ఏడుపు ఆపించే మాటలే. ఎదుటివాళ్ళ ఏడుపు ఆగితే ముందు ఊపిరాడేది మనకే. ఆ చివరి మాట, మర్చిపోమనడం, అసలు సలహాగానే పనికిరాదని నా అభిప్రాయం.

పెద్ద పెద్దవాళ్ళూ ఇంచుమించు ఆ సలహాయే ఇచ్చారు. పోయినవారి మీది మమకారాన్ని కొద్దికొద్దిగా వెనక్కి తీసుకోవడమే దుఃఖం చేసే పని అని 1917లో అచ్చయిన వ్యాసంలో మనోవిశ్లేషకుడు ఫ్రాయిడ్ రాశాడు. 1920 జనవరిలో ఇన్‌ఫ్లుయెంజా ఆయన కూతురు సోఫీని తీసుకుపోయింది. 1929లో బిన్స్‌వాంగర్ అనే స్నేహితుడికి కొడుకు పోయాడు. సోఫీ బతికుంటే ముప్పై ఆరేళ్ళు నిండే రోజున ఫ్రాయిడ్ అతనికి ఉత్తరం రాశాడు. పోయినవారికి బదులు ఎన్నటికీ దొరకదనీ, అలా ఉండడమే సబబనీ అందులో ఒప్పుకున్నాడు. పండితుడి సిద్ధాంతం తండ్రి దగ్గర చెల్లలేదు.

దుఃఖానికి ఐదు మెట్లుంటాయన్న మాట మీలో చాలామంది వినే ఉంటారు. కూబ్లర్-రాస్ అనే మానసిక వైద్యురాలు 1969లో ఆ మెట్లు చెప్పింది చావు దగ్గరపడ్డ రోగులను చూసి. జనం వాటిని తెచ్చి బతికున్నవాళ్ళకు అంటగట్టారు. ఆ మెట్లలో కోపం ఒకటి. ‘నాకింకా కోపం రాలేదేమిటి’ అని తమను తామే అనుమానించుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, పాపం. పోయినవారితో బంధం తెగదనీ, రూపు మార్చుకుని సాగుతుందనీ, అలా సాగడం జబ్బు కాదనీ 1996లో క్లాస్, సిల్వర్‌మన్, నిక్‌మన్ అనే ముగ్గురు సంపాదకులు ఒక పుస్తకమే తెచ్చారు.

తద్దినం పెట్టే ఇంట్లో ఈ సంగతి ఎవరికీ కొత్త కాదు. నెలనెలా మాసికం, ఏడాదికి సంవత్సరీకం, ఆపైన ఏటా ఆ తిథి. తెలంగాణలో పెత్రమాసకు పెద్దలకు బియ్యం ఇస్తారు, ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ ఆడతారు. ముస్లింల ఇళ్ళలో నలభయ్యో రోజుంది. నవంబరు 2న సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించే క్రైస్తవులున్నారు. ఆత్మ ఎటు పోతుందన్న చర్చ ఈ వేదిక మీద నేను చెయ్యను. నేను చూస్తున్నది మిగిలినవాళ్ళకు దొరికే పనిని. ఏం చెయ్యాలో తోచని చేతులకు ఫలానా రోజు ఫలానా పని చెయ్యమని ఎవరో చెప్పిపెట్టారు.

కాకికి పెట్టడమే తీసుకోండి. మాస్టారి పెద్దకర్మకు నేనూ కాలవగట్టు దాకా వెళ్ళాను. విస్తట్లో అన్నం, గారెలు, పప్పు. డాక్టరు వద్దన్నా ఆయన మానని ఆవకాయ, పక్కన చిన్న గ్లాసులో కాఫీ. కాకులు చెట్టు మీదే ఉన్నాయి, దిగవు. ‘పంచదార తక్కువైందేమో చూడండి’ అన్నారెవరో, ఏడుస్తున్న ఆ కుటుంబంలో మొదటిసారి నవ్వులు వినబడ్డాయి. తర్వాత మొదలైంది అసలు కథ. కాకి ముట్టలేదంటే ఆయనకు తీరని కోరిక ఏదో ఉన్నట్టే, అదేమిటని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ‘తమ్ముడి చదువు నేను చూసుకుంటా నాన్నా’ అన్నాడు పెద్దవాడు. కదల్లేదు. ‘అమ్మని ఒంటరిగా ఉంచం’ అన్నాడు రెండోవాడు. ఊహూఁ. చివరికి కూతురు అంది: ‘నీ పుస్తకాలు పాత పేపర్లవాడికి వెయ్యం నాన్నా, ఊళ్ళో పిల్లలు చదువుకునేలా పెడతాం.’

కాకి దిగింది. ఆ మాటకే దిగిందా, ఆకలేసి దిగిందా నాకనవసరం. మాస్టారు హేతువాది, చూస్తే పకపకా నవ్వేవారు. కానీ పోయినాయనకు ఏం కావాలి అన్న ప్రశ్న ఎదురుగా నిలబెట్టి, పదిమంది వినేలా గట్టిగా జవాబు చెప్పించే ఏర్పాటు ఇంకెక్కడుంది? ఆ పుస్తకాలే ఈ హాలు వెనక గదిలో లైబ్రరీగా ఉన్నాయి.

‘ఈ చావుకు అర్థమేమిటి’ అని అడుగుతారు కదా, దాని గురించి నేను చెప్పగలిగింది కూడా ఆ గట్టు మీద చూసిందే. చావులో అర్థం వెతకొద్దు. ఇరవయ్యేళ్ళ కుర్రాడు లారీ కింద పడి పోతే అందులో ఏ అర్థమూ లేదు. ‘మంచివాళ్ళను దేవుడు త్వరగా పిలుచుకుంటాడు’ అని ఆ తల్లితో అనడం నా దృష్టిలో క్రూరత్వం. అర్థం ఉంటే గింటే తర్వాత మనం చేసే పనిలో ఉండాలి. ‘ఉదయిని’ పత్రిక నడిపిన కొంపెల్ల జనార్దనరావు 1937లో పోయారు. ‘మహాప్రస్థానం’ 1950లో పుస్తకంగా వచ్చినప్పుడు శ్రీశ్రీ దాన్ని అంకితమిచ్చింది ఆయనకే. పదమూడేళ్ళలో మరుపు పనిచెయ్యలేదు. ఆ స్నేహితుడి పేరు మనకు ఇవాళ తెలియడానికి ఆ అంకితమే పెద్ద కారణం.

ఆచారాలను ఇంత మెచ్చుకున్నాక రెండో వైపు చెప్పకపోతే మాస్టారు ఒప్పుకోరు. పదో రోజు నలుగురూ కూర్చోబెట్టి భర్త పోయిన మనిషి గాజులు పగలగొట్టడం, బొట్టు చెరపడం ఏ రకం ఓదార్పు? వీరేశలింగం గారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరులో. ఇప్పటికీ ‘ఎదురొచ్చింది’ అనే నోళ్ళు మూతపడలేదు. మహారాష్ట్రలో కొల్హాపూర్ జిల్లా హెర్వాడ్ గ్రామం 2022 మేలో ఈ తంతులు మానాలని గ్రామసభలో తీర్మానం చేసింది. మన పంచాయతీలకు అడ్డేమిటి? మాస్టారి భార్య ఇదిగో, మొదటి వరసలో ఎప్పటి బొట్టుతోనే కూర్చున్నారు. ఆ కుటుంబం చేసిన పనుల్లో లైబ్రరీ కన్నా ఇదే పెద్దదని నేను అంటాను.

దుఃఖం ఒక్కోసారి నిజంగానే జబ్బవుతుంది. ఏడాది దాటినా అదే తీవ్రతతో మనిషిని ఏ పనీ చేసుకోనివ్వకపోతే, దాన్ని వైద్యం అవసరమైన స్థితిగా 2022లో అమెరికా మానసిక వైద్యుల గ్రంథంలో చేర్చారు. చచ్చిపోవాలనే మాట నోట వస్తే మాత్రం ఏడాది కాదు, గంట కూడా ఆగొద్దు. టెలీమానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

మీ అందరికీ నా విన్నపం ఒక్కటే. పెద్దకర్మ దాకా ఇల్లు కిటకిటలాడుతుంది. మర్నాడు చుట్టాలు బస్సెక్కుతారు, షామియానా విప్పేస్తారు. మీరు వెళ్ళాల్సింది ఆ తర్వాత. నెలకో, మూడు నెలలకో వెళ్ళండి. వెళ్ళి ఓదార్చకండి. పోయినవారి పేరెత్తి, ‘ఆయన సంగతులు ఏవైనా చెప్పండి’ అని అడిగి, చెప్పినంతసేపూ కూర్చోండి.