అందెలు ఆగిన చోట



బుర్రకథ ఎలా చెప్పాలో నేర్పేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఎలా వినాలో చెప్పేవాళ్ళు మాత్రం తగ్గిపోయారు. పూర్వం ఆ అవసరం రాలేదు. అమ్మ ఒడిలో కూర్చుని, నిద్ర తూగుతూ, మధ్యలో లేచి, మళ్ళీ తూగుతూ పిల్లలు తమంతట తామే నేర్చుకునేవారు. ఇప్పుడు అలాంటి రాత్రులు తక్కువ. అందుకని ఈ పూట బుర్రకథ వినడం గురించి నాలుగు మాటలు చెప్పాలనుకుంటున్నాను. కథలన్నిటి జోలికీ పోను. ఒక్క బొబ్బిలి కథను పట్టుకుంటాను.

మాది గరివిడి. విజయనగరం నుంచి పలాస వైపు రైలెక్కితే నెల్లిమర్ల దాటాక వస్తుంది. తర్వాత చీపురుపల్లి. బయటివాళ్ళకు మాంగనీసు గనుల వల్లా, ఫేకర్ ఫ్యాక్టరీ వల్లా, పశువైద్య కళాశాల వల్లా తెలిసిన ఊరు. నాకు మాత్రం బొబ్బిలి కథలోని మూడు ఊళ్ళకీ మధ్యన ఉన్న ఊరు. ఒకపక్క విజయనగరం. ఇంకోపక్క బొబ్బిలి. చీపురుపల్లి మీదుగా రోడ్డు పట్టుకుంటే రాజాం. కథలో రాజులు, సేనలు, కబుర్లు తిరిగిన నేల మేం సంతకు, ఆసుపత్రికి, పెళ్ళిళ్ళకు తిరిగే నేలే.

కథ మీకు తెలిసిందే. 1757 జనవరి 24. సంక్రాంతి వెళ్ళి ఎన్నాళ్ళో కాలేదు. ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులతో, విజయనగరం ప్రభువు పూసపాటి విజయరామరాజు సేనతో బొబ్బిలి కోటను చుట్టుముట్టారు. కోటలో బొబ్బిలి రాజు రంగారావు. కోట నిలవదని తేలిపోయాక ఆడవాళ్ళు, పిల్లలు శత్రువు చేతికి చిక్కకూడదని తమవాళ్ళ చేతుల్లోనే ప్రాణాలు విడిచారు. రంగారావు పోరులో కూలిపోయాడు. రాజాంలో ఉన్న బొబ్బిలి సేనాని తాండ్ర పాపారాయుడికి కబురు అందేసరికి అంతా అయిపోయింది. కొద్ది రోజులకే అతడు రాత్రివేళ విజయరామరాజు డేరాలోకి దూరి అతన్ని చంపి, తానూ ప్రాణాలు వదిలాడు.

జరిగింది ఒక్కసారే. చెప్పింది ఎన్ని వేలసార్లో. దిట్టకవి నారాయణకవి దీన్ని 'రంగరాయ చరిత్రము'గా ప్రబంధం చేశాడు. పెద్దాడ మల్లేశం పేరు మీద నిలిచిన బొబ్బిలి కథను జంగాలు తంబురా భుజాన వేసుకుని ఊరూరా చెప్పుకున్నారు. 1908లో శ్రీపాద కృష్ణమూర్తి శాస్త్రి గారు నాటకం రాశారు. 1964లో ఎన్.టి. రామారావు గారు రంగారావుగా సినిమా వచ్చింది. ఇన్ని రూపాల్లోనూ జనం ఒళ్ళో కూర్చోబెట్టుకున్నది జంగం కథనీ, దాని నుంచి వచ్చిన బుర్రకథనీ. 1940ల్లో ప్రజానాట్యమండలి వాళ్ళు పాత జంగం కథకు కొత్త నడక నేర్పారు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ శాస్త్రీయ సంగీతం నేర్చుకున్న గొంతుతో దాన్ని ఎక్కడికో తీసుకుపోయారు. 1986లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం ఆయన నోట విన్నవాళ్ళు ఆ మాట చెప్పేటప్పుడు ఇప్పటికీ నిటారుగా కూర్చుంటారు.

ఇక వేదిక దగ్గరికి వద్దాం. ముగ్గురు నిలబడతారు. మధ్యలో కథకుడు, లేదా కథకురాలు. భుజాన తంబురా, కాళ్ళకు గజ్జెలు. పక్కన ఇద్దరు వంతలు, వాళ్ళ దగ్గర డక్కీలు. ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. రాజకీయం అంటే ఎన్నికల మాటలని అనుకోకండి. పాత కథను ఈ రోజు సంగతులతో ముడేసే పని అది. కథకుడు ఒక చరణం అంటాడు, వంతలు తందాన అంటారు. కథకుడు వచనంలోకి దిగితే 'ఆఁ', 'సై', 'భళా' అని ఊతమిస్తారు.

ఇంతవరకు అందరూ చూస్తారు. మీరు చూడాల్సింది కథకుడి బొటనవేలు. దానికి ఒక లోహపు కడియం ఉంటుంది. వేళ్ళ మధ్య ఇంకో కడియం. వీటిని అందెలంటారు. లోపల బోలుగా ఉండి చిన్న గుళ్ళు గలగలమంటాయి. రెండిటినీ తాకించి తాళం వేస్తాడు. డక్కీ పెద్దగా మోగుతుంది కనుక చెవి అటే పోతుంది. కథను నడిపేది మాత్రం ఆ చిన్న కడియాలే. నడక పెంచాలన్నా, దించాలన్నా కథకుడు వంతల వైపు తిరిగి చెప్పడు. బొటనవేలు చెప్తుంది. అందెల చప్పుడు దగ్గర పడిందా, డక్కీలు అందుకుంటాయి. పలచబడిందా, ఇవీ తగ్గుతాయి. అసలు ఆగిపోయిందా, అప్పుడు ఊపిరి బిగబట్టి వినండి. ఏదో జరగబోతోంది.

ఒకే బృందం నోట, ఒకే కథ, ఒకే ఘట్టం రెండు రాత్రులు విన్నాను. అవి రెండూ చెప్తాను.

మొదటిది రాజాం వైపు ఒక పల్లె. నూర్పులు అయిపోయిన రోజులు. కళ్ళంలోనే వేదిక వేశారు. గడ్డి వాసన, మంచు, దుప్పట్లు కప్పుకున్న జనం. కోట పడిపోయింది. కబురు పట్టుకుని మనిషి రాజాం పరిగెత్తాడు. అక్కడిదాకా గడగడా సాగిన కథ ఒక్కసారి నెమ్మదించింది. అందెలు ఒక్కొక్కటే పడుతున్నాయి, చూరు నుంచి బొట్లు పడ్డట్టు. కథకుడు రెండడుగులు వెనక్కి వేసి, రాజాం అని ఊరి పేరొక్కటే పలికి ఆపేశాడు. అందెలు ఆగిపోయాయి. డక్కీలు ఆగిపోయాయి. ఎవరూ తందాన అనలేదు. నా పక్కన కూర్చున్న ముసలావిడ, "ఓలమ్మా, మనూరే" అంది, తనలో తాను అనుకున్నట్టు. ఆ మాట వేదిక దాకా వినిపించిందో లేదో నాకు తెలియదు. కథకుడు మాత్రం అలాంటి మాట కోసమే ఆగినట్టు నిలబడ్డాడు. జనంలో కదలిక వచ్చాక పాపారాయుడు గుర్రమెక్కాడు. అక్కడి నుంచి డేరా దాకా ముప్పావు గంట పట్టింది. దారిలో తగిలే ప్రతి ఊరి పేరూ చెప్పాడు. పేరు వచ్చిన ఊరివాళ్ళు చదివింపులు పంపారు. హాస్యం వంత ఆ చదివింపులు ఇచ్చినవాళ్ళ పేర్లను తాళం తప్పకుండా కథలో కలిపేశాడు. గుర్రం పరుగెడుతూనే ఉంది, పేర్లు వస్తూనే ఉన్నాయి.

రెండోది విజయనగరం దగ్గర, దసరా వెళ్ళిన రోజుల్లో. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం దసరా తర్వాత వచ్చే మంగళవారం కదా, దానికి ముందు రాత్రుల్లో ఒకటి. విజయనగరం వాళ్ళకు ఈ కథలో ఇంకో మనిషి ఉంది. పైడిమాంబ. విజయరామరాజు చెల్లెలు. యుద్ధం వద్దని అన్నను బతిమాలిందని, అన్న పోయిన వార్త విని పెద్ద చెరువులో కలిసిపోయిందని, ఆమే పైడితల్లిగా వెలిసిందని వాళ్ళ నమ్మకం. ఆ రాత్రి పాపారాయుడి ప్రయాణం పావుగంటలో అయిపోయింది. గుర్రం ఎక్కడం, డేరా చేరడం, అంతే. కథకుడు ఆగింది డేరా గుమ్మం దగ్గర. లోపల నిద్రపోతున్న రాజు. బయట కత్తి. మధ్యలో అందెలు ఆగిపోయాయి. అప్పుడు కథకుడు చెల్లెలి గొంతులోకి మారాడు. తాళం లేకుండా, డక్కీ లేకుండా, దగ్గర కూర్చుని మాట్లాడినట్టు అన్నను పిలిచాడు. ముందు వరసలో ఆడవాళ్ళు చేతులు జోడించారు. కత్తి దిగినప్పుడు రాజాం వైపు ఈలలు వేశారు. ఇక్కడ ఒక్క చప్పుడు లేదు.

ఏది అసలైన బొబ్బిలి కథ అని అడిగితే నేను జవాబు చెప్పలేను, చెప్పదలచుకోలేదు కూడా. అదే మనిషి, అదే తంబురా, అవే చరణాలు. ఒక ఊళ్ళో కథ గుర్రం మీద ఉంది, ఇంకో ఊళ్ళో గుమ్మం దగ్గర ఉంది. కథకుడు జనాన్ని మెప్పించడానికి మార్చాడని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. రెండు ఊళ్ళూ ఆ యుద్ధంలో తమవాళ్ళను పోగొట్టుకున్నాయి. ఏ ఊరి దుఃఖం దగ్గర ఆ ఊళ్ళో ఆగాడు. అది నేర్పు కన్నా పెద్ద మాట.

పాశ్చాత్య సంగీతం వినే మన కుర్రవాళ్ళకు ఇది అర్థం కాని సంగతేమీ కాదు. లెడ్ జెప్పెలిన్ అని ఇంగ్లండు రాక్ బృందం ఒకటుంది. 'డేజ్డ్ అండ్ కన్‌ఫ్యూజ్డ్' అని వాళ్ళ పాట 1969లో రికార్డు మీద వచ్చినప్పుడు ఆరున్నర నిమిషాలు. 1973లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో పాడింది రికార్డయితే అదే పాట ఇరవై ఆరు నిమిషాలు దాటింది. గిటారు వాయించే జిమ్మీ పేజ్ మధ్యలో వయొలిన్ కమాను తీసుకుని గిటారు తీగల మీద లాగేవాడు. జనం ఆ పాటను ఏ రాత్రి ఎలా పాడారో పోల్చుకుంటూ విన్నారు. అసలు ఆ పాట కూడా వాళ్ళకు జేక్ హోమ్స్ అనే గాయకుడి దగ్గర నుంచి వచ్చిందే. చేతులు మారిన కొద్దీ పెరిగింది. ఏ రాత్రి ఎలా పాడారని వాళ్ళు అడిగే ప్రశ్న, ఏ ఊళ్ళో ఎలా చెప్పారని మన అమ్మమ్మలు అడిగిన ప్రశ్న ఒక్కటే.

రేడియో మాటకొస్తాను. ఆకాశవాణి విశాఖపట్నం కేంద్రం 1963లో మొదలైంది. మా ఇళ్ళలో బుర్రకథ అంటే రాత్రి వేదిక ఎంతో, రేడియో కూడా అంతే. రాత్రంతా సాగే కథను అరగంటలో చెప్పాలంటే కథకుడు ఎంత వదులుకోవాలో ఆలోచించండి. చదివింపులు లేవు, ఊళ్ళ పేర్లు లేవు, ముందు వరస ముఖాలు లేవు. అయినా రేడియో ఒక మేలు చేసింది. మనిషి కనపడడు కనుక అందెలు వినపడ్డాయి. నేను వాటిని మొదట పట్టుకున్నది మా ఇంటి రేడియోలోనే. కళ్ళు మూసుకుని డక్కీని పక్కకు నెట్టి వింటే వెనకాల సన్నగా గలగలమంటూ ఉండేవి. తర్వాత వేదిక మీద ఆ చప్పుడు ఎక్కడి నుంచి వస్తోందా అని వెతికితే బొటనవేలు దొరికింది.

మా ఊరి పేరునే ఇంటిపేరులా మోసిన బుర్రకథ కళాకారిణి గరివిడి లక్ష్మి. ఆమె పేరుతో సినిమా తలపెట్టారు. ఆ సినిమా కోసం మన ప్రాంతపు జానపదం 'నల జీలకర్ర మొగ్గ' కొత్తగా కట్టి 2025లో విడుదల చేస్తే ఊరూరా ఫోన్లలో మోగింది. నాకు చాలా సంతోషమైంది. మా ఊరి పేరు, మన యాస, మన పాట లోకం నోట పడ్డాయి. ఒక్క చిన్న దిగులు ఉంది. ఫోన్లో పాట ఎన్నిసార్లు విన్నా ఒకేచోట మొదలవుతుంది, ఒకేచోట ఆగుతుంది. అదే పాట నాట్లలో పాడితే నాటే చేతుల వేగాన్ని బట్టి సాగుతుంది. పెళ్ళిలో పాడితే పెళ్ళికూతురి పేరు చేరుతుంది. రికార్డు ఒక రాత్రిని దాచిపెడుతుంది. అలా దాచినందుకు రికార్డుకు రుణపడి ఉన్నాం. మిగతా రాత్రుల కోసం మాత్రం మనమే లేచి వెళ్ళాలి.

కనుక మీ దగ్గర్లో అమ్మవారి పండగకో, తీర్థానికో బుర్రకథ పెట్టారని తెలిస్తే వెళ్ళండి. పిల్లలను తీసుకెళ్ళండి. మధ్యలో నిద్రపోతే పోనివ్వండి. కథ తెలిసినదే అయితే మరీ మంచిది, ఏం జరుగుతుందా అని చూడక్కర్లేదు, ఎక్కడ ఆగుతాడా అని చూడొచ్చు. మీకు నచ్చిన చోట సై అనండి. వేదిక మీద నుంచి కథకుడు వింటాడు. చదివింపు ఇవ్వగలిగితే ఇవ్వండి, మీ ఇంట్లో పెద్దవాళ్ళ పేరు మీద. అది ఆ రాత్రి కథలో కలుస్తుంది.

చోటు చూసుకునేటప్పుడు సరిగ్గా మధ్యలో కూర్చోకండి. కథకుడికి అందెలు ఏ చేతిలో ఉన్నాయో ముందే గమనించి, ఆ పక్కకు కాస్త జరిగి కూర్చోండి.